ఫలానా గొర్రె: మందలోంచి ఒక్కదాని ముఖచిత్రం వేయడం ఎలా

గొర్రెను గీయమంటే చాలామంది చేయి నేరుగా మబ్బులాంటి ఒంటి మీదికి, నాలుగు పుల్లకాళ్ల మీదికి పోతుంది. అది చంటిపిల్లల పుస్తకాల్లో గొర్రె. హైదరాబాద్ చుట్టుపక్కల మేసే జీవాల్లో అలాంటిది వెతికినా దొరకదు. ఇక్కడ ఎక్కువగా కనిపించేవి రెండు జాతులు. ఒకటి నెల్లూరు: పొడుగు కాళ్లు, వేలాడే చెవులు, ఒంటి మీద ఉన్నికి బదులు పొట్టి వెంట్రుకలు. రెండోది దక్కనీ: నల్లగానో, నలుపులో తెలుపు, గోధుమ మచ్చలు కలిసో ఉంటుంది. గరుకు ఉన్ని, ఉబ్బెత్తుగా వంగిన ముక్కుదూలం. గొంగడి నేసేది దీని ఉన్నితోనే. ఈ రెండూ కలిసిపోయిన సంకరాలకూ లోటు లేదు.

ఇక్కడ చెప్పబోయేది ఏదో ఒక గొర్రె బొమ్మ గురించి కాదు. పదో పదిహేనో జీవాలున్న చిన్న మందలో ఫలానా దాని ముఖచిత్రం గురించి. బొమ్మ కుదిరిందా లేదా అనడానికి పరీక్ష ఒక్కటే. కాపరి చూసి "గిది మన చెవి తెగింది గద" అనాలి. "గొర్రె మంచిగొచ్చింది సార్" అన్నాడంటే మళ్లీ మొదటికి వచ్చినట్టే.

మనకు అన్నీ ఒకేలా కనిపించడం వాటి తప్పు కాదు. గొర్రె తన తోటి గొర్రెల ముఖాలను యాభై దాకా, రెండేళ్లపాటు గుర్తుపెట్టుకోగలదని 2001లో ఇంగ్లాండ్ పరిశోధకులు తేల్చారు. ముఖాల్లో తేడాలు ఉన్నాయి, మన కంటికే ఆ అలవాటు లేదు. గొర్రెదాటు అనే మాట నడకకు సరిపోతుందేమో గానీ ముఖాలకు సరిపోదు.

ఎక్కడ, ఎప్పుడు

గండిపేట, హిమాయత్‌సాగర్ అంచుల్లో నీళ్లు తగ్గి పచ్చిక మొలిచిన చోట, శామీర్‌పేట వైపు, చేవెళ్ల దారిలో, ఇబ్రహీంపట్నం చుట్టూ చిన్న మందలు ఇంకా తిరుగుతున్నాయి. జియాగూడ మండీలో జీవాలు వందల్లో ఉంటాయి కానీ అక్కడికి పోవద్దు. కొత్త చోటు, అరుపులు, తోపులాట. భయపడ్డ గొర్రెకు మెడ నిక్కి, చెవులు వెనక్కి పోయి అన్నిటికీ ఒకే ముఖం వస్తుంది. కొమ్ములు మాత్రమే సాధన చేయాలనుకుంటే బక్రీద్‌కు ముందు రోజుల్లో రోడ్ల పక్కన కట్టేసి ఉన్న పొట్టేళ్లు పనికొస్తాయి. కట్టేసి ఉంటాయి కాబట్టి కొంచెం కుదురుగా నిలబడతాయి.

మంద దొడ్డి దాటకముందు ఉదయం ఒక గంట, తిరిగొచ్చే ముందు సాయంత్రం ఒక గంట మంచి సమయం. వెలుగు పక్కనుంచి పడుతుంది, ముక్కుదూలం వంపు, కంటిగుంట స్పష్టంగా తెలుస్తాయి. ఎండాకాలం మధ్యాహ్నం పోయినా దండగే. ఎండకు తాళలేక ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి గుండ్రంగా నిలబడతాయి, మీకు వీపులు తప్ప ఇంకేమీ కనబడదు. చెట్టు నీడన పడుకుని నెమరు వేస్తుంటే మాత్రం వదలకండి. అంత నిలకడగా తల దొరికే సందర్భం మరొకటి లేదు.

ముందు కాపరిని అడగండి. అనుమతి ఒక్కటే కాదు, సగం పని అక్కడే అయిపోతుంది. "అన్నా, ఈ మందల బాగ మొండిది ఏదే?" అంటే ఆలోచించకుండా చూపిస్తాడు. ఏది ముందు నడుస్తుంది, ఏది వెనకబడుతుంది, ఏది కంచె దూరుతుంది, ఏ తల్లికి ఏ పిల్ల, అన్నీ ఆయనకు తెలుసు. ఉన్ని ఎప్పుడు కత్తిరిస్తారో కూడా అప్పుడే అడిగేయండి. దక్కనీలకు ఏడాదికి రెండుసార్లు కత్తెర పడుతుంది. ఈ ఆదివారం స్కెచ్ వేసి వచ్చే ఆదివారం రంగు సరిచూసుకోవడానికి పోతే అదే గొర్రె సగం సైజులో, ఒంటి నిండా కత్తెర మెట్లతో ఎదురొస్తుంది.

మంద పక్కకు చేరి పది గజాల దూరంలో కింద కూర్చోండి. నిలబడితే మీరు వాటికి బెదురు, పైగా మీకు కనిపించేది నడినెత్తి, వీపు. కూర్చుంటే మీ కన్ను, దాని కన్ను ఒకే ఎత్తుకు వస్తాయి, ముఖచిత్రానికి కావలసింది అదే. గరగరలాడే ప్లాస్టిక్ కవర్లు బ్యాగులోనే ఉంచండి. పొట్టేలుకూ మందకూ మధ్యలో కూర్చోకండి. అది తల దించి రెండడుగులు వెనక్కి వేసిందంటే మిమ్మల్ని మెచ్చుకోవడానికి కాదు. మచ్చిక చేద్దామని బియ్యమో, జొన్నలో దోసిళ్లతో పెట్టవద్దు. అలవాటు లేని గింజలు ఎక్కువ తింటే పొట్టలో పులిసి జబ్బు చేస్తుంది. కాపరి సరేనంటే గుప్పెడు పచ్చి రెమ్మలు చాలు.

పక్కవాటిని ముందు గీయండి

నచ్చిన గొర్రె కనబడగానే దాన్నే గీయడం మొదలుపెడతారు. అక్కడే దెబ్బ తింటారు. దీని ముక్కు పొడుగు అనాలంటే పక్కదాని ముక్కు ఎంతో తెలియాలి కదా. అందుకని మొదట పక్కనున్న మూడింటిని, ఒక్కోదానికి ఐదు నిమిషాల చొప్పున, తల మటుకు గీయండి. బాల్‌పెన్ను అయితే మరీ మంచిది, చెరిపే అవకాశం లేదు కాబట్టి చూపు నిలుస్తుంది. ఆ తర్వాత మీ గొర్రెను గీయండి. నాలుగు తలలూ ఒకే పేజీలో పక్కపక్కన ఉంటే తేడాలు వాటంతటవే పైకి తేలతాయి.

తేడాలను మాటల్లో రాసుకోండి. "కుడిచెవి అంచు చిరిగింది, ఎడమదానికంటే వేలెడు కిందికి వాలింది." "ముక్కుదూలం కంటి దగ్గర్నుంచే ఉబ్బింది, పక్కవాటికి సగం దూరం పోయాక ఉబ్బుతుంది." "నమిలేటప్పుడు దవడ ఎడమకే పోతుంది." "మెడచన్ను ఒక్కటే ఉంది." మేక మెడ చన్నులు అంటాం గానీ నెల్లూరు గొర్రెల్లో చాలావాటికి కూడా గొంతు కింద ఆ రెండు తొడిమలు వేలాడుతుంటాయి. నెల్లూరులోనే జోడిపి అనే రకం అయితే మూతి చుట్టూ, కళ్ల చుట్టూ ఉన్న నల్లమచ్చల ఆకారం దాని సంతకం లాంటిది. ఎడమ మచ్చ, కుడి మచ్చ ఎప్పుడూ ఒకేలా ఉండవు. పల్ల అనే రకం తెల్లగా, లేత గోధుమ మచ్చలతో ఉంటుంది కాబట్టి మచ్చల మీద ఆధారపడలేం, అక్కడ ఎముకలను చూడాలి. మూడో రకం దొర, ఒళ్లంతా గోధుమరంగు, దానికీ అంతే.

ఇలాంటి తేడాలు మూడు దొరికితే చాలు. ఐదారు పోగేసి అన్నిటినీ గట్టిగా చూపిస్తే వ్యంగ్యచిత్రం అవుతుంది. మూడింటిలో ఒకటి ఆకారంలో ఉండాలి, ఒకటి గుర్తుగా ఉండాలి, మూడోది తీరులో ఉండాలి: తల ఎలా నిలుపుతుంది, ఏ చెవి ముందు తిప్పుతుంది, మనిషిని ఎదురుగా చూస్తుందా, ఓరగా చూస్తుందా.

తల ఎత్తించడానికి కేకలు వేయకండి. ఇంగ్లాండ్ శిల్పి హెన్రీ మూర్ 1972లో తన స్టూడియో కిటికీ బయట మేసే గొర్రెలను గీసేటప్పుడు అద్దం మీద టకటకలాడించేవాడు, అవి తలెత్తి కొన్ని నిమిషాలు అలాగే చూస్తూ ఉండిపోయేవి. మీరు పెన్నుతో అట్ట మీద కొట్టండి, లేదా నాలుకతో ఒక్కసారి టొక్కుమనిపించండి. మూడోసారికి పట్టించుకోవు, అందుకని పేజీ, పెన్ను సిద్ధంగా పెట్టుకున్నాకే ఆ పని చేయండి.

ఫోటోలు

ఇంటికి వచ్చాక ఆధారం ఇవే కాబట్టి ముప్పై నలభై తీయండి. ఫోన్‌ను ముఖం దగ్గర పెట్టి తీస్తే మూతి బుంగలా, చెవులు చిట్టిగా వస్తాయి, అది వైడ్ లెన్స్ పనితనం. రెండు మూడు మీటర్లు వెనక్కి జరిగి రెండింతల జూమ్‌తో తీస్తే కొలతలు నిజానికి దగ్గరగా వస్తాయి. ఫ్లాష్ వద్దే వద్దు, కళ్లు పచ్చగా మెరిసి కంటిపాప మాయమవుతుంది. నల్ల గొర్రె అయితే తెర మీద దాని ఒంటిని తాకి వెలుతురు కొంచెం పెంచండి, తెల్లది అయితే తగ్గించండి. లేకపోతే నల్లది బొగ్గుముద్దగా, తెల్లది సున్నపు గోడగా వస్తుంది. పక్కనుంచి, ముప్పావు కోణంలో, ఎదురుగా తీశాక, కన్ను, చెవి మొదలు, ముక్కుపుటాలు, మెడ కింద, గిట్టలు విడివిడిగా దగ్గరనుంచి తీసుకోండి. అన్నీ ఒకే రోజు, ఒకే వెలుగులో తీసినవై ఉండాలి. పొద్దుటి ముఖానికి సాయంత్రం చెవి అతికిస్తే నీడలు రెండు దిక్కులా పడి బొమ్మ ఎందుకు కుదరలేదో ఎంతకీ అంతుపట్టదు.

సామాను

అక్రిలిక్ రంగులతో చెబుతున్నాను. త్వరగా ఆరతాయి, అపార్ట్‌మెంట్లో టర్పెంటైన్ వాసన గొడవ ఉండదు. ఆరు ట్యూబులు చాలు: టైటానియం వైట్, ఎల్లో ఆకర్, బర్న్ట్ సియెనా, బర్న్ట్ అంబర్, అల్ట్రామరీన్ బ్లూ, క్రిమ్సన్. నలుపు ట్యూబు కొనకండి. 20 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు ఉన్న కాన్వాస్ అడ్డంగా పెడితే తలకూ, వెనక మందకూ చోటు సరిపోతుంది. అంగుళం వెడల్పు చదును బ్రష్ ఒకటి, అరంగుళంది ఒకటి, 4వ నంబరు గుండ్రనిది, 1వ నంబరు సన్నది, వీటితోపాటు అరిగి పీచులు విచ్చుకున్న పాత హాగ్ బ్రష్ (పందివెంట్రుకల గరుకు బ్రష్) ఒకటి. ఉన్నికి పనిచేసేది ఆ పాతదే, పారేయకండి. గొర్రె బొమ్మకు విసనకర్రలా విచ్చుకుని ఉండే ఫ్యాన్ బ్రష్ కొనమని ఎవరైనా చెబితే వినవద్దు. చీపురుతో ఊడ్చినట్టు సమానమైన గీతలు పడతాయి, ఏ జంతువు ఒంటి మీదా వెంట్రుకలు అలా ఉండవు.

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో ఫ్యాన్ కింద పెట్టిన అక్రిలిక్ పది నిమిషాల్లో పలకబారుతుంది. మూత ఉన్న ప్లాస్టిక్ స్వీట్ డబ్బా తీసుకుని, అడుగున తడిపిన టిష్యూ నాలుగు మడతలు పరిచి, పైన బటర్ పేపర్ వేసి, దాని మీద రంగు పెట్టుకోండి. మూత పెడితే మర్నాటికీ తడిగానే ఉంటుంది. పని చేసేంతసేపూ ఫ్యాన్ గాలి ప్యాలెట్‌కు తగలకుండా చూసుకోండి.

గీత

కాన్వాస్ మీద ముందు పలచని పూత వేయండి: ఎల్లో ఆకర్‌లో కొంచెం బర్న్ట్ సియెనా, నీళ్లు ఎక్కువ. మన నేల రంగు అదే కాబట్టి తర్వాత అక్కడక్కడా వదిలేసినా బొమ్మలో కలిసిపోతుంది. ఆరాక బొగ్గుతో గీయండి. తల పొడవు 8 అంగుళాలు ఉండేట్టు, కాన్వాస్ నడిమధ్యకు కొంచెం పక్కన, చూపు ఎటుందో అటు ఎక్కువ ఖాళీ వదిలి.

పక్కనుంచి చూస్తే గొర్రె తల మొండి మేకులాంటిది, వెనక వెడల్పు, ముందు సన్నం. నడినెత్తి నుంచి మూతి కొసదాకా మూడు భాగాలు చేస్తే కన్ను పై భాగం చివరికి దగ్గరగా వస్తుంది. 8 అంగుళాల తలకు కన్ను అంగుళం దాటిందంటే మీరు పెద్ద గొర్రెకు పిల్ల ముఖం పెడుతున్నారని అర్థం. పెద్ద కళ్లు, ఉబ్బిన నుదురు, పొట్టి మూతి, ఇవి పిల్ల లక్షణాలు. ముద్దుగా ఉంటుందని చేయి తెలియకుండానే అటు జారుతుంది. మీ ఫోటోలోనే స్కేలు పెట్టి కొలుచుకోండి, నా లెక్క కంటే అదే నిజం.

ఎదురు ముఖంలో మరో తప్పు జరుగుతుంది. గొర్రె కళ్లు తలకు పక్కల ఉంటాయి. ఎదురుగా చూస్తే అవి ముఖం అంచు మీద ఉబ్బెత్తుగా, సగం పక్కకు తిరిగి కనిపించాలి. కుక్కకో మనిషికో పెట్టినట్టు రెండూ ముందుకు తెస్తే వేటాడే జంతువు ముఖం వచ్చేస్తుంది. కంటికి ముందు, లోపలి మూల కింద ఒక చిన్న గుంట ఉంటుంది. అది గ్రంథి ఉండే చోటు, మేకకు ఉండదు. దాన్ని నీడగా ఒక్క మరక వేస్తే చాలు, గొర్రె అని కన్ను ఒప్పుకుంటుంది. పైపెదవి మధ్యలో నిలువుగా చీలి ఉంటుంది, వాలుగా ఉన్న ముక్కుపుటాలు రెండూ ఆ చీలికా కలిసి ఆంగ్ల అక్షరం వై ఆకారంలో కనిపిస్తాయి. కుక్కకు, ఆవుకు ఉన్నట్టు నల్లగా తడిగా మెరిసే ముక్కు గొర్రెకు లేదు. మూతి మీద కూడా పొట్టి వెంట్రుకలే. అక్కడ తడి మెరుపు పెట్టకండి.

నోటి గీత వెనక్కి పోతూ కొంచెం పైకి తిరుగుతుంది. అది నవ్వు కాదు, పెదవుల నిర్మాణం. దాన్ని ఇంకాస్త పైకి లాగాలని చేయి దురద పెడుతుంది, ఆపుకోండి. కనుబొమల దగ్గర వాలు పెట్టి దిగులు, కోపం తెప్పించడమూ అంతే. మనిషి ముఖం అరువిస్తే అంతవరకూ వెతికి పట్టిన మూడు తేడాలూ దాని కింద మునిగిపోతాయి.

తోక కనిపించే కోణమైతే బెత్తెడుకు మించి గీయకండి. గొర్రె తోక బెత్తెడే అన్న సామెత జీతాల గురించి వాడుకుంటాం గానీ మన జాతుల కొలతకు కూడా అది కరెక్టే. తోక కిందికి వేలాడాలి. పైకి లేస్తే మేక.

గీత ఎలా తిరగాలో చూడాలనుకుంటే నిజాంపూర్‌లో పుట్టిన చిత్రకారుడు లక్ష్మా గౌడ్ గీసిన మేకలను చూడండి. ఒంటి గుండ్రదనాన్ని బట్టి సన్న గీతల దిశ మారుతూ పోతుంది. మీ బ్రష్ కూడా తర్వాత అలాగే తిరగాలి.

కన్ను

తల అంతా ఒక ఎత్తు, కన్ను ఒక ఎత్తు. అరగంట దీనికే పెట్టండి.

గొర్రె కంటిపాప అడ్డంగా ఉండే పట్టీ, మూలలు కొంచెం గుండ్రం. నిండు ఎండలో సన్నని గీత అవుతుంది, నీడలో వెడల్పుగా దీర్ఘచతురస్రంలా తెరుచుకుంటుంది. మీ బొమ్మలో గొర్రె నీడలో ఉండి కంటిపాప గీతలా ఉంటే చూసేవాళ్లకు ఎక్కడో తేడా కొడుతుంది. దానికంటే ముఖ్యమైనది దిశ. గొర్రె తల దించి మేస్తున్నా కన్ను గుంటలో తిరిగి ఆ పట్టీ నేలకు సమాంతరంగానే నిలుస్తుంది, 50 డిగ్రీల దాకా అలా తిరుగుతుంది. మేసే భంగిమలో ముఖంతోపాటు కంటిపాపను కూడా వంచి గీస్తే గాజుకన్ను పెట్టినట్టుంటుంది. కాన్వాస్ మీద నేల గీత ఎటుందో చూసి కంటిపాప దానికి సమాంతరంగా వేయండి.

క్రమం ఇది. మొదట కంటిగుంట మొత్తం ముదురుగా: అంబర్, అల్ట్రామరీన్ సమానంగా. ఆరాక రంగు వలయం: ఎల్లో ఆకర్ రెండు పాళ్లు, బర్న్ట్ సియెనా ఒక పాలు. వలయం పైభాగంలో రెప్ప నీడ పడుతుంది కాబట్టి అక్కడ అంబర్ కలపండి. అడుగుభాగంలో ఆకర్‌కు వైట్ ఆవగింజంత కలిపి వెలిగించండి. ఆ వెలుగు కిందనే ఉంటుంది, పైన కాదు. దాని మీద కంటిపాప. చివరగా మెరుపు: తెలుపులో అల్ట్రామరీన్ చుక్కంత, ఎందుకంటే అక్కడ కనిపించేది ఆకాశం. కంటిపాప పై అంచును కొంచెం తొక్కుతూ, సూర్యుడున్న వైపు, ఒక్క మచ్చ. రెండు మెరుపులు పెడితే స్టూడియో లైట్ల కింద నిలబెట్టినట్టు అవుతుంది. పైరెప్ప వెంట్రుకలను ఒక్కొక్కటిగా గీయకుండా వాటి నీడ మాత్రం వేయండి.

ఒళ్లు, ఉన్ని

రంగు కొలత గింజల్లో చెబుతాను, చెంచాలు ఇక్కడ పనిచేయవు.

తెల్ల నెల్లూరు గొర్రెకు వెలుగు భాగం: వైట్ శనగగింజంత ఐదు, ఎల్లో ఆకర్ ఆవగింజంత. నీడ: వైట్ మూడు శనగగింజలు, అల్ట్రామరీన్ అర గింజ, బర్న్ట్ సియెనా అర గింజ. ఆకాశం చూసే వీపు నీడలో నీలం కాస్త ఎక్కువ, నేలను చూసే పొట్ట, గదవ కింద సియెనా, ఆకర్ ఎక్కువ. ఎర్రమట్టి మీద నిలబడ్డ తెల్ల గొర్రె పొట్ట కింద నారింజ ఛాయ కనబడాలి. అది లేకపోతే గొర్రె నేల మీద నిలబడదు, అతికించినట్టు ఉంటుంది. స్వచ్ఛమైన తెలుపు మొత్తం బొమ్మలో రెండు మూడు చోట్లకు మించకూడదు.

నల్ల దక్కనీకి అంబర్, అల్ట్రామరీన్ సమానంగా కలిపితే నలుపు వస్తుంది, అందులో లోతు ఉంటుంది. ట్యూబు నలుపు వాడితే కాన్వాస్‌కు చిల్లు పడ్డట్టు కనిపిస్తుంది. ఈ నలుపు ఎండకు మాడి ఉన్ని కొసల్లో ఎర్రబారుతుంది, వీపు మీద, మెడ పైన ఇది బాగా తెలుస్తుంది. అక్కడ సియెనా, అంబర్. సూర్యుడికి ఎదురుగా ఉన్న వంపు మీద అల్ట్రామరీన్, వైట్, మీ నలుపు కలిపిన బూడిదనీలం. ముఖం మీది పొట్టి వెంట్రుకలకు ఆ మెరుపు ఎక్కువ, ఉన్నికి తక్కువ. ఉన్ని వెలుగును మింగేస్తుంది.

గోధుమ దొరకు సియెనా, అంబర్, ఆకర్ చాలు. నీడ ముదరడానికి నలుపు కాకుండా అల్ట్రామరీన్ కలపండి. అక్రిలిక్ ఆరాక ఒక ఛాయ ముదురుతుంది కాబట్టి ఏ రంగైనా అట్టముక్క మీద రాసి, ఆరాకే కాన్వాస్ మీదికి తీసుకెళ్లండి.

మొదట అంగుళం బ్రష్‌తో మూడే ఛాయలు: నీడ, నడిమిది, వెలుగు. వెంట్రుక ఒక్కటి కూడా వద్దు. ఆరడుగుల దూరం నుంచి, కళ్లు చిట్లించి చూస్తే ఇప్పటికే అది మీ గొర్రెలా ఉండాలి. లేకపోతే ఎన్ని వెంట్రుకలు గీసినా అవ్వదు, వెనక్కి పోయి ఆకారం సరిచేయండి. చాలామంది ఈ దశలో సహనం పోగొట్టుకుని సన్న బ్రష్ పట్టుకుంటారు, మూడు గంటల తర్వాత బొచ్చు బాగుంటుంది, గొర్రె ఉండదు.

తర్వాత దిశ. ముక్కు మీద వెంట్రుకలు ఎటు పోతున్నాయో మీ ఫోటోలో చూసుకోండి, చెంప మీద వెనక్కీ కిందికీ, మెడ మీద కిందికి పోతాయి. నెల్లూరుకు అరంగుళం బ్రష్‌తో పొట్టి పొట్టి దెబ్బలు చాలు. దక్కనీకి పాత హాగ్ బ్రష్. రంగు అంటించి గుడ్డకు తుడిచేసి, మిగిలిన పొడి రంగును నిలువుగా పొడవండి, లాగకండి. ఉన్ని గుత్తులు గుత్తులుగా ఉంటుంది, గుత్తికీ గుత్తికీ మధ్య నీడ పగుళ్లు ఉంటాయి. ఆ పగుళ్లను వేయండి, గుత్తులు వాటంతటవే పుడతాయి. సన్న బ్రష్‌తో వెంట్రుకలు నాలుగైదు చోట్లే: చెవి మొదలు, దవడ కింద, వీపు గీత మీద రెండు చోట్ల, తేడా గుర్తు ఉన్న చోట. ఒంటి అంచు గీత ఎక్కడా తెగకుండా గట్టిగా ఉంటే కత్తిరించి అతికించిన బొమ్మలా ఉంటుంది. నీడ వైపు అంచును రెండు మూడు చోట్ల వెనక రంగులో కరిగించండి.

చెవి లోపలి గులాబీకి క్రిమ్సన్ ఆవగింజలో సగం, వైట్, సియెనా. వెలుగు చెవి వెనకనుంచి పడితే ఆ చెవి అంచు ఎర్రగా వెలుగుతుంది. చెవి చిరిగి ఉంటే ఆ చిరుగు లోపల వెనకున్న రంగు కనబడాలి. చాలామంది నల్లగీత గీసి వదిలేస్తారు, అది గాయంలా కనిపిస్తుంది.

పొట్టేలైతే కొమ్ము. గుండ్రటి గొట్టంలా వేయకండి, మూలలున్న అడ్డకోత దానిది. మీదున్న వలయాలు మొదట్లో దగ్గరగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. సమాన దూరాల్లో గీస్తే స్ప్రింగు అవుతుంది.

ఇక కాపరి వేసిన గుర్తు రంగు. మందలు కలిసిపోతే పోల్చుకోవడానికి నడుం మీదో మెడ మీదో ఎర్రదో నీలందో పూస్తారు. అందం చెడుతుందని దాన్ని తీసేస్తారు చాలామంది. ఉంచండి. అది ఆ మంద చిరునామా. క్రిమ్సన్‌లో కొంచెం సియెనా కలిపి, పొడిబ్రష్‌తో, ఉన్ని గుత్తుల పైకొసలకే అంటేట్టు వేయండి. రంగు ఉన్ని లోపలికి దిగదు, పగుళ్లలో నల్లగానే ఉండాలి.

వెనక మంద, వెనక ఊరు

వెనక మూడు నాలుగు గొర్రెలు చాలు. ఒకదాన్ని ఒకటి కప్పుతూ, రెండు ఛాయల్లో, ముఖాలు లేకుండా. కళ్లు పెట్టారంటే చూపు అటు పోతుంది. అవన్నీ ఒక దిక్కుకు తిరిగి ఉండి మీది ఒక్కటే ఇటు చూస్తుంటే మీరు వేరే ఏర్పాటు చేయనక్కరలేదు.

పచ్చటి కొండలు, నీలాకాశం వేయకండి, అవి ఎక్కడివో అందరికీ తెలుసు. మన దగ్గర ఎండాకాలం ఆకాశం నీలం కలిసిన మాసిన తెలుపు. ఎండుగడ్డికి ఆకర్, వైట్. తుమ్మచెట్టు, గుండ్రాళ్లు. గ్రానైట్ బండకు గొర్రె నీడ రంగునే వాడితే రెండూ ఒకే ఊరివి అనిపిస్తాయి. ఆ రోజు వెనక అపార్ట్‌మెంట్ టవర్లు కనబడి ఉంటే అవీ వేయండి, ఆకాశానికి ఒక్క ఛాయ ముదురుగా, కిటికీలు లేకుండా. గండిపేట వైపు మందలకు ఇప్పుడు అదే నేపథ్యం.

కాపరికి చూపించడం, వార్నిష్

సంతకం పెట్టేముందు బొమ్మను ఫోన్లో ఫోటో తీసి కాపరికి చూపించండి. ఏ గొర్రె అని అడగకుండా ఊరికే ఇవ్వండి. వేరేదాన్ని చూపిస్తే మూడు చోట్ల వెతకాలి: కంటికీ ముక్కుపుటానికీ మధ్య దూరం, చెవి మొదలు ఎత్తు, ముక్కుదూలం ఉబ్బు ఎక్కడ మొదలవుతోంది. తప్పు ఎక్కువసార్లు ఈ మూడింట్లోనే దొరుకుతుంది, రంగులో కాదు. బొమ్మ ఫోటోను అద్దంలో చూపినట్టు తిప్పి అసలు ఫోటో పక్కన అలాగే తిప్పి పెడితే తేడా వెంటనే పట్టుబడుతుంది.

రంగు మందంగా పడ్డ చోట్లు పూర్తిగా ఆరడానికి వారం ఆగి, మెరుపు లేని మ్యాట్ వార్నిష్ పలచగా రెండు పూతలు వేయండి, రెండోది మొదటిదానికి అడ్డంగా. వర్షాకాలం గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజు స్ప్రే వార్నిష్ కొడితే నల్లటి చోట్ల పాలపొర కమ్ముతుంది, దక్కనీ బొమ్మలకు ఇది మరీ ప్రమాదం. ఎండ కాసిన రోజు దాకా ఆగండి.

కాపరికి ఒక ప్రింట్ తీయించి ఇవ్వండి, లామినేషన్ చేయించి. దొడ్డి గోడకు తగిలించేట్టయితే తల ఎత్తుకు పైన మేకు కొట్టమనండి. గొర్రెలతో మేకలు కూడా ఉన్న మందయితే అందిన కాగితం మిగలదు.